పై అధికారి ఎవరు? సబ్హాన్ శ్రామికులూ, రోమా పత్రిక 13వ అధ్యాయమూ

కువైట్ విమానాశ్రయానికి చేరువలో ఉన్న సబ్హాన్ పారిశ్రామికవాడ ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్ పరిధిలోకి వస్తుంది. ఆహారపదార్థాల కర్మాగారాలు, అచ్చుశాలలు, గిడ్డంగులు, మరమ్మతు షెడ్లు నిండిన ఈ ప్రాంతం మనుషులు కాపురముండటానికి కాక పనిచేయటానికి ఏర్పడినది. కువైట్‌లో ఉన్న సుమారు పది లక్షల మంది భారతీయులలో తెలుగువారు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి, ఉభయ గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవారు వీరిలో ఎక్కువ. వారిలో క్రైస్తవులైనవారికి ఆదివారం పనిదినం. కనుక ఆరాధన శుక్రవారానికి మారింది. సెలవు దొరికినవారు ఆ రోజు బస్సులలో, పంచుకున్న టాక్సీలలో నగరంలోని చర్చి ప్రాంగణాలకు చేరుకుంటారు.

సబ్హాన్‌లోని ఏదో ఒక షెడ్డులో మూడు నెలలుగా జీతం అందలేదనుకుందాం. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. అకామా గడువు దగ్గరపడుతోంది. ఆ కార్మికుడు క్రైస్తవుడైతే అతనికి వినిపించే ఆత్మీయ సలహాలు సాధారణంగా రెండు. మొదటిది, పై అధికారులకు లోబడటం విశ్వాసి ధర్మం. రెండవది, అన్యాయం చేసినవాడి సంగతి దేవుడే చూసుకుంటాడు. రెండింటికీ బైబిలులో స్పష్టమైన ఆధారముంది. అయితే ఈ రెండింటినీ ముడివేసి ‘కాబట్టి ఫిర్యాదు పెట్టవద్దు’ అని మూడో మాట చేర్చటం కూడా పరిపాటి. ఆ మూడో మాట పౌలు రాసినది కాదు. అది ఎలా వచ్చి చేరిందన్నది పరిశీలించదగిన విషయం.

చిక్కు కొంతవరకు తెలుగు మాటలోనే ఉంది. రోమా పత్రిక 13వ అధ్యాయం మొదటి వచనానికి ప్రచారంలో ఉన్న తెలుగు అనువాదం ‘పై అధికారులు’ అనే మాటను వాడింది. గ్రీకు మూలంలో ఉన్న ‘ఎక్సూసియాయి’ రాజ్యాధికారాన్ని చలాయించే వ్యవస్థలను, వాటిలోని మనుషులను సూచించే పదం. వెంటనే వచ్చే ఖడ్గం, పన్ను, సుంకం ప్రస్తావనలు ఆ అర్థాన్ని ఖాయం చేస్తున్నాయి. కాని నేటి తెలుగులో పై అధికారి అంటే ఆఫీసులో మనకన్నా ఒక మెట్టు పైన ఉన్నవాడు. ఫోర్‌మన్, మేనేజరు, కంపెనీ యజమాని. పన్ను వేసే హక్కు గాని, ఖడ్గం ధరించే హక్కు గాని ఫోర్‌మన్‌కు లేవు. అయినా వాక్యం చదవగానే సబ్హాన్ కార్మికుడి మనసులో మెదిలేది అతని ముఖమే. అనువాదకుల కాలంలో ఆ మాట నిర్దుష్టమైనదే కావచ్చు. అర్థం జరిగిపోయింది, వాక్యం అక్కడే ఉండిపోయింది.

ఇది కేవలం భాషాదోషమేనని తేల్చివేయటానికి కూడా వీలులేదు. గల్ఫ్ దేశాలలోని కఫాలా పద్ధతిలో విదేశీ కార్మికుడి నివాస హక్కు ఒక స్థానిక పూచీదారు పేరుతో, అంటే కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. అకామా పునరుద్ధరణ అతని చేతిలో ఉంటుంది. పని మానేసి పోయాడని అతడు నివేదిస్తే, అంతవరకు చట్టబద్ధంగా ఉన్న మనిషి నేరస్థుడవుతాడు. ఇతర దేశాలలో ప్రభుత్వోద్యోగి చేతిలో ఉండే అధికారంలో కొంత ఇక్కడ వ్యాపారి చేతికి వచ్చింది. అందువల్ల కఫీల్‌ను చూసి ఇతడే ప్రభుత్వమనుకునే కార్మికుడు అమాయకుడేమీ కాదు. అతని అనుభవం అతనికి నేర్పినది అదే. అయితే ప్రభుత్వం నుంచి కొంత అధికారం అరువు తెచ్చుకున్నవాడు ప్రభుత్వం కాజాలడు. అరువిచ్చిన ప్రభుత్వమే అతనికి హద్దులు గీసింది. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రైవేటు రంగంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదంటుంది. యజమాని కార్మికుడి పాస్‌పోర్టును దగ్గర పెట్టుకోవటాన్ని 2007 లోనే ఒక మంత్రిత్వ ఉత్తర్వు నిషేధించింది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా ఆరుబయట పని చేయించరాదు. పై అధికారులకు లోబడాలన్న సూత్రం ఈ హద్దులకు కూడా వర్తిస్తే, మొదట లోబడవలసినవాడు పాస్‌పోర్టును బీరువాలో పెట్టుకున్న యజమానే.

పౌలు ఈ ఉత్తరం ఎవరికి రాశాడో గుర్తుచేసుకుంటే విషయం మరికొంత తేటపడుతుంది. రచనాకాలం సుమారు క్రీ.శ. 57. నీరో చక్రవర్తి సింహాసనమెక్కి మూడేళ్ళయింది. క్రైస్తవుల మీద అతని దమనకాండ 64 లో గాని మొదలుకాలేదు. అంతకుముందు క్లాడియస్ చక్రవర్తి యూదులను రోము నగరం నుంచి వెళ్ళగొట్టాడు. ఈ ఘటనను చాలామంది పండితులు 49 ప్రాంతంలో ఉంచుతారు. అలా వెళ్ళిపోయి కొరింథు చేరిన అకుల, ప్రిస్కిల్ల దంపతులను అపొస్తలుల కార్యములు గ్రంథం 18వ అధ్యాయంలో చూస్తాం. రోమా పత్రిక చివర వారిద్దరికీ వందనాలు ఉన్నాయి. అంటే అప్పటికి తిరిగి రోముకు చేరుకున్నారన్నమాట. అక్కడి సంఘంలో బానిసలు, విముక్తి పొందిన బానిసలు, తూర్పు ప్రాంతాల నుంచి వచ్చిన చేతిపనివారు ఎక్కువగా ఉండేవారు. పౌరసత్వం లేనివారు, ఒకసారి దేశబహిష్కారం చవిచూసినవారు, మరోసారి చూడవలసివస్తుందేమోనని భయపడేవారు. అదే కాలంలో రోములో పన్నుల మీద జనం అసంతృప్తితో ఉన్నారు. 58 లో సుంకం వసూలుదార్ల మీద పెద్దయెత్తున ఫిర్యాదులు లేచాయని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఇటువంటి సమయంలో పన్ను చెల్లించండి, అలజడిలో చిక్కుకోకండి అన్న సలహా ఒక రాజనీతి సిద్ధాంతం కన్నా అన్యదేశంలో బతుకుతున్న బలహీనులకు ఇచ్చిన హెచ్చరికలా వినిపిస్తుంది. సబ్హాన్‌కు ఈ అధ్యాయం ఇంత దగ్గరగా అనిపించటానికి కారణం అదే. అకామా మీద బతికేవాడికి అకుల భయం విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక అధ్యాయ విభజన. బైబిలును నేటి అధ్యాయాలుగా విడగొట్టినది 13వ శతాబ్దపు తొలినాళ్ళలో స్టీఫెన్ లాంగ్టన్ అని సాధారణంగా చెబుతారు. పౌలు ఉత్తరంలో 12, 13 అంకెలు లేవు. 12వ అధ్యాయం చివర అతడు, ఎవరి పగ వారు తీర్చుకోవద్దని, ఉగ్రతను దేవునికి విడిచిపెట్టమని చెబుతాడు. నాలుగు అడుగులు వేయగానే, కీడు చేసేవాడి మీద ఆ ఉగ్రతను చూపటానికి నియమితుడైన దేవుని సేవకుడిగా పాలకుడిని వర్ణిస్తాడు. రెండు చోట్లా గ్రీకులో ఒకే పదం ‘ఒర్గే’. తెలుగులో ఒకచోట ఉగ్రత, మరొకచోట ఆగ్రహము అని పడటంతో ఆ లంకె పాఠకుడి కంటికి ఆనదు. లంకె కలిపి చదివితే వచ్చే అర్థం ఇది: విశ్వాసి తన చేతులతో పగ తీర్చుకోకూడదు, దేవుడు తన న్యాయాన్ని ఈ లోకంలో జరిపించే మార్గాలలో న్యాయస్థానం ఒకటి. అలాంటప్పుడు దేవునికి విడిచిపెట్టటమంటే ఇంటికి వెళ్ళి ఊరుకోవటమనే అర్థం రాదు. సూపర్‌వైజరును కొట్టటం, యంత్రాన్ని పాడుచేయటం పగ. కార్మిక కార్యాలయంలో అర్జీ పెట్టటం ఆ పగను మానుకున్నవాడు చేసే పని.

పాలకుడి ఖడ్గం ఎందుకన్నదానికి కువైట్‌లోనే ఒక విషాద ఉదాహరణ ఉంది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు కిక్కిరిసి ఉన్న వసతి భవనం అగ్నికి ఆహుతైంది. మరణించినవారిలో 45 మంది భారతీయులు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ఆ తర్వాత అధికారులు బాధ్యులను అరెస్టు చేశారు, ఇరుకు వసతుల మీద తనిఖీలకు దిగారు. ఇంత జరిగాక ఖడ్గం కదలటం గురించి ఎవరైనా చేదుగా మాట్లాడితే తప్పుపట్టలేం. అటువంటి వసతి గురించి ముందే ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే అది పౌలు మాటకు అవిధేయత అయ్యేదా?

ఈ ప్రశ్నకు పౌలు జీవితమే జవాబు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, మర్నాడు రహస్యంగా పంపివేయాలని చూసిన అధికారులకు అతడు లొంగలేదు. రోమా పౌరుడినని చెప్పి, వారే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకువెళ్ళాలని పట్టుబట్టాడు. యెరూషలేములో కొరడా దెబ్బలకు కట్టివేసినప్పుడు అదే హక్కును ఎత్తిచూపాడు. కైసరయలో కింది న్యాయస్థానం మీద నమ్మకం పోగానే కైసరుకే విన్నవించుకుంటానన్నాడు. పౌలుకు పౌరసత్వముంది, సబ్హాన్ కార్మికుడికి లేదు కదా అనవచ్చు. నిజమే. ఐతే పౌరుడు కానివాడికి కూడా ఒక చట్టం ఒక హక్కు ఇచ్చినప్పుడు దాన్ని అడగటంలో పౌలు చేసిన పనికి భిన్నమైనదేమీ లేదు.

అసలు కష్టం రోమా పత్రికతో కాదు, మొదటి పేతురు పత్రిక 2వ అధ్యాయం 18వ వచనంతో. అక్కడ పేతురు సంబోధించినది ‘ఒయికెతాయి’ అనే ఇంటి బానిసలను. కఠినులైన యజమానులకు సైతం లోబడమని వారికి చెప్పాడు. తెలుగు అనువాదం వారిని ‘పనివారలారా’ అని పిలిచింది. ఎఫెసీ పత్రికలో అదే స్థితిలో ఉన్నవారిని ‘దాసులారా’ అన్న అనువాదం ఇక్కడ పనివారు అనేసరికి, ఖాదిమ్ వీసా మీద ఒక ఇంట్లో వంటా, పిల్లల పెంపకమూ చూస్తున్న స్త్రీ ఆ వచనం తనకే రాశారని అనుకోవటం సహజం. పేతురు కాలపు ఇంటి బానిసకు ఫిర్యాదు చేసుకునే దారి దాదాపు లేదు. తప్పించుకోలేని బాధను క్రీస్తు బాధతో పోల్చి ఓదార్చటం తప్ప పేతురు చేయగలిగింది కూడా తక్కువే. ఓదార్పుగా చెప్పిన దాన్ని తప్పించుకునే దారి ఉన్నచోట విధిగా మార్చటం న్యాయం కాదు. కువైట్‌లో ఇంటిపనివారు చాలాకాలం కార్మిక చట్టానికి వెలుపలే ఉన్నారు. 2015 లో వచ్చిన 68వ నంబరు చట్టం వారికి 12 గంటల పనిపరిమితి, వారపు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. మరుసటి ఏడాది కనీస వేతనం 60 దీనార్లుగా నిర్ణయమైంది. అమలు మాట వేరు. ఇంటి తలుపు వెనుకకు తనిఖీ అధికారి వెళ్ళటం అరుదు. అయినా 2015 తర్వాత ఆ స్త్రీ చట్టం దృష్టిలో ఒయికెతాయి కోవలోని మనిషి కాదు.

దగ్గరి అధికారానికీ దూరపు అధికారానికీ మధ్య ఈ తేడా తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. 1866 లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర విశ్వాసులైన మాదిగలు ఆదివారం వెట్టిపని చేయమన్నారు, జాతర్లలో డప్పు కొట్టమన్నారు. గ్రామ పెద్దలకు, కరణాలకు, మునసబులకు ఇది తిరుగుబాటుగా కనిపించింది. బావినీళ్ళు ఆపటం, పని ఆపటం వంటి వేధింపులు మొదలయ్యాయి. క్లౌ ఆ ఫిర్యాదులను బ్రిటిష్ అధికారుల ముందు పెట్టాడు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకుని వేలాది మందికి కూలి ఇప్పించాడు. 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందటం ఆ తర్వాతి సంగతి. ఇక్కడ చూడవలసినది లోబడటమనే మాట ఎటు తిరిగిందన్నది. కరణం కూడా సర్కారు మనిషే. అతనికి లోబడటమే దేవుని చిత్తమని ఆనాటి మాదిగలకు ఎవరైనా బోధించి ఉంటే ఆ ఉద్యమం గూడెం దాటి వచ్చేది కాదు. కరణానికి పైన ఒక కలెక్టరు ఉన్నాడని, అతనికి పైన ఒక దేవుడున్నాడని వారు నమ్మారు. ఆ కలెక్టరు వలసపాలకుడన్న విడ్డూరం ఎలాగూ ఉంది. కాని దాహంతో ఉన్నవాడు బావి ఎవరిదో తర్వాత అడుగుతాడు.

దేవుని న్యాయాన్ని నమ్ముకోవటం గురించి యేసు చెప్పిన కథ కూడా న్యాయస్థానంలోనే జరుగుతుంది. లూకా సువార్త 18వ అధ్యాయంలో ఒక విధవరాలు, దేవుడన్నా మనుషులన్నా లెక్కలేని న్యాయాధిపతి దగ్గరకు పదేపదే వెళ్ళి విసిగించి తీర్పు తెచ్చుకుంటుంది. విసుగక ప్రార్థించాలని చెప్పటానికి యేసు ఎంచుకున్న పోలిక, విసుగక అర్జీ పెట్టుకునే మనిషి. ఆమె ఇంట్లో కూర్చుని ఉంటే కథే లేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం కోతకూలీలకు బిగబట్టిన కూలి డబ్బులే మొరపెడుతున్నాయంటుంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం, కూలివాడు స్వదేశీయుడైనా పరదేశీయుడైనా పొద్దుగూకేలోగా కూలి ఇవ్వాలంటుంది. ఆపిన జీతం గురించి ఇంత సూటిగా మాట్లాడిన గ్రంథం చేతిలో ఉండగా, ఆపిన జీతం విషయంలో మౌనమే భక్తి అని బోధించటం వింతగా ఉంటుంది.

ఇందులో కాలం ప్రమేయం కూడా ఉంది. కువైట్ కార్మిక చట్టం 146వ అధికరణం ప్రకారం కార్మికుడు కోర్టుకు వెళ్ళేముందు కార్మిక శాఖలో అర్జీ పెట్టాలి. మనవాళ్ళు నేటికీ ఆ కార్యాలయాన్ని షూన్ అనే పిలుస్తారు. నెలలోపు రాజీ కుదరకపోతే శాఖే ఆ వివాదాన్ని కోర్టుకు పంపాలి. 144వ అధికరణం ప్రకారం కార్మికుల దావాలకు కోర్టు రుసుము లేదు. అదే అధికరణం మరో మాట కూడా చెబుతుంది: ఒప్పందం ముగిసిన ఏడాది తర్వాత కార్మికుడి దావాను విచారించరు. దేవుడే చూసుకుంటాడని పదమూడు నెలలు ఓర్చుకున్నవాడికి ఆ తర్వాత షూన్‌లో చెప్పుకునేదేమీ మిగలదు. ఓర్పును బోధించే పెద్దలకు కనీసం ఈ గడువు తెలిసి ఉండాలి.

రోమా 13ను దగ్గరి యజమాని కోసమే కాదు, దూరపు ప్రభుత్వాల కోసం కూడా వంచినవారున్నారు. హిట్లరు పాలనలో జర్మనీ చర్చీలలో అధిక భాగం దాన్ని నోరు మూసుకునే ఆజ్ఞగా చదివింది. 1934 మే నాటి బార్మెన్ ప్రకటన, రాజ్యానికి న్యాయాన్ని, శాంతిని కాపాడే పరిమితమైన బాధ్యత మాత్రమే ఉందని ఎదురు చెప్పింది. 1985 లో దక్షిణాఫ్రికాలో వెలువడిన కైరోస్ పత్రం, జాత్యహంకార ప్రభుత్వాన్ని ఈ అధ్యాయంతో సమర్థించటాన్ని రాజ్యపు వేదాంతమని పేరుపెట్టి నిరసించింది. 2018 జూన్‌లో అమెరికా అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ సరిహద్దులో వలసదారుల మీద తీసుకుంటున్న చర్యలకు మద్దతుగా మళ్ళీ ఇదే అధ్యాయాన్ని తెచ్చాడు. వలసవచ్చినవారికి జాగ్రత్త చెప్పటానికి రాసిన మాట, వలసవచ్చినవారి మీదే ప్రయోగమైంది.

అలాగని లోబడటమన్నది కువైట్‌లో ఖర్చులేని మాట కాదు. 1962 రాజ్యాంగం 2వ అధికరణం ఇస్లామును రాజ్యమతంగా ప్రకటిస్తుంది. 35వ అధికరణం విశ్వాస స్వేచ్ఛ సంపూర్ణమంటూనే, ఆచరణ స్వేచ్ఛను దేశాచారానికి, ప్రజాశాంతికి లోబరుస్తుంది. ముస్లిముల మధ్య మతప్రచారం నిషిద్ధం. నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణం అమెరికన్ మిషన్ ఆస్పత్రి కాలం నాటిది, అక్కడ 1931 లో చర్చి కట్టారు. నేడు ఆ ఒక్క ఆవరణలోనే తెలుగుతో సహా అనేక భాషల సంఘాలు గంటలు పంచుకుని ఆరాధిస్తాయి. గుర్తింపు లేని బృందాలు అద్దె విల్లాలలో కూడుకుంటాయి. పొరుగువారు ఫిర్యాదు చేయనంతవరకు సాధారణంగా వాటి జోలికి ఎవరూ రారు. మనుషులకన్నా దేవునికి లోబడాలన్న అపొస్తలుల మాట ఇక్కడే అవసరమవుతుంది. అక్కడి సంఘాలు ఆ మాటను చాలా పొదుపుగా వాడుకుంటున్నాయి. గొంతు తగ్గించి పాడతాయి, వీధిలో వాహనాలు అడ్డం పెట్టవు. ఇది భయమని కొందరంటారు. ఆరాధనను ఆపకుండానే, గొడవ అక్కరలేనిచోట తగ్గి ఉండటంగా చూడటం సమంజసం.

అకామా పోయి ఖల్లివల్లిగా మిగిలినవారి విషయం మరింత జటిలం. హింస భరించలేక ఇల్లు విడిచిన స్త్రీతో, చట్టానికి లోబడి తిరిగి వెళ్ళమని చెప్పేవారు ఫిలేమోను పత్రికను ఉదాహరిస్తారు; పారిపోయిన ఒనేసిమును పౌలు యజమాని దగ్గరకే పంపాడు కదా అంటారు. పౌలు అతన్ని దాసుడిగా కాక సహోదరుడిగా స్వీకరించమని రాసి పంపాడు, బాకీ ఉంటే తాను తీరుస్తానన్నాడు. అటువంటి ఉత్తరం లేకుండా ఎవరినీ వెనక్కి పంపే హక్కు ఆ పత్రిక ఇవ్వదు. పైగా పారిపోయివచ్చిన దాసుడిని యజమానికి అప్పగించవద్దని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం శాసిస్తుంది. రాయబార కార్యాలయానికి గాని, ప్రభుత్వ ఆశ్రయానికి గాని చేరటం, 2018 లోనూ 2024 మార్చి నుంచి జూన్ దాకానూ ప్రకటించిన క్షమాభిక్షల వంటి అవకాశాన్ని వాడుకోవటం చట్టం నుంచి పారిపోవటం కాదు, చట్టంలోకి తిరిగి రావటం.

ఇవన్నీ తేలినా ఒక ముడి అంత తేలికగా వీడదు. చాలా సందర్భాలలో మోసం చేసినవాడు కఫీల్ కాదు. వీసాకు లక్షలు తీసుకుని వేరే పని చూపిన ఏజెంటు. అతడు తెలుగువాడు, తరచు అదే ఊరివాడు, కొన్నిసార్లు అదే సంఘంలో పక్కన కూర్చునేవాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో విశ్వాసులు ఒకరిమీద ఒకరు అవిశ్వాసుల న్యాయస్థానానికి ఎక్కటాన్ని పౌలు గద్దించాడు, అంతకన్నా నష్టపోవటం మేలన్నాడు. ఏజెంటుకు ఇంతకు మించిన రక్షణ మరొకటి దొరకదు. కాని పౌలు గద్దింపు అక్కడితో ఆగలేదు. ఇద్దరి మధ్య తీర్పు చెప్పగల జ్ఞాని ఒక్కడైనా మీలో లేడా అని అదే అధ్యాయంలో సంఘాన్ని నిలదీశాడు, సహోదరుణ్ణే మోసం చేస్తున్నారని మోసగాళ్ళనూ వదలలేదు. సంఘం ఏజెంటును పిలిచి లెక్క అడిగి డబ్బు తిరిగి ఇప్పించగలిగితే కోర్టు అవసరం ఉండదు. అతడు కానుకలిచ్చే పెద్దమనిషి కనుక అడగలేకపోతే, బాధితుణ్ణి కోర్టుకు వెళ్ళవద్దనే అర్హతను కూడా సంఘం పోగొట్టుకుంటుంది.

ఇంతలో చట్టమూ కదులుతూనే ఉంది. 1959 నాటి విదేశీయుల నివాస చట్టం స్థానంలో 2024 లో చేసిన 114వ నంబరు డిక్రీ చట్టం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. 2025 జూలై 1 నుంచి 18వ అధికరణం వీసా మీద ఉన్న ప్రైవేటు రంగ కార్మికుడు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన నిష్క్రమణ అనుమతి కావాలి. తల్లి పోయిందని ఊరికి బయలుదేరే మనిషి సెలవు కోసం మొదట అడగవలసినది ప్రభుత్వాన్ని కాదు, కఫీల్‌ను. యజమాని అకారణంగా నిరాకరిస్తే కార్మిక శాఖలో ఫిర్యాదు చేసుకునే వీలుందని అధికారులు చెప్పారు. ఆ ఫిర్యాదు ఫోనులో చేయవచ్చు. దానికి సబ్హాన్ దాటనక్కరలేదు.